బాండ్ బండి ఏ షెడ్డులో ఉంది?

మన హీరోల జాతకాలు మనకు కంఠతా వచ్చు. ఏ ఊళ్ళో పుట్టారు, మొదటి సినిమా ఏది, ఎన్ని రోజులు ఆడింది... నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాం. మరి ఆ హీరోగారు నడిపిన కారు జాతకం ఎప్పుడైనా అడిగారా? పేకప్ చెప్పేశాక ఆ కారు ఎవరింటికి పోయింది? ఎవరు కొన్నారు, ఎంతకు అమ్మారు? మామూలు కారైతే ఆ గొడవ మనకెందుకు గానీ, జేమ్స్ బాండ్ కారు సంగతి వచ్చేసరికి అడక్క తప్పదు. ఎందుకంటే ఆ కారు మాయమైపోయింది. తెరమీద పొగ వదిలి మాయమవడం అందరికీ తెలిసిందే. ఇది అచ్చంగా, పోలీసు కేసు పెట్టి, బీమా డబ్బులు చేతులు మారిన మాయం!

కొన్నాళ్ళుగా నేను ఈ కారు పుట్టుపూర్వోత్తరాల వెంట పడ్డాను. వేలంపాటల కేటలాగులు, పాత పత్రికల వార్తలు, కోర్టు తీర్పులు... తవ్వినకొద్దీ సినిమా కథకంటే కథలు బయటపడుతున్నాయి. అందులో కొన్నయినా మీతో పంచుకోకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

డేవిడ్ బ్రౌన్ గారి బళ్ళు

ముందు బండి సంగతి. ఇంగ్లండులో ఆస్టన్ మార్టిన్ అనే చిన్న కంపెనీ. 1947లో డేవిడ్ బ్రౌన్ అనే పారిశ్రామికవేత్త పేపర్లో ప్రకటన చూసి ఆ కంపెనీని కొనేశాడు. ఆయన పేరులోని మొదటి అక్షరాలే డి.బి. అయ్యాయి. డి.బి.4, డి.బి.5 అన్నీ ఆయన సంతానమే. 1963లో వచ్చిన డి.బి.5కి నాలుగు లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు. పైబాడీ గీసింది ఇటలీలోని మిలాన్ నగరం వాళ్ళు. న్యూపోర్ట్ పాగ్నెల్ అనే ఊళ్ళో, చాలావరకు చేత్తో రేకులు సాగగొట్టి తయారుచేసేవాళ్ళు. 1965లో ఆపేసేనాటికి అన్ని రకాలూ కలిపి వెయ్యి పైచిలుకు మాత్రమే బయటికొచ్చాయి. మన అంబాసిడర్లతో పోలిస్తే అదొక లెక్కా!

ఇయాన్ ఫ్లెమింగ్ 1959లో రాసిన "గోల్డ్‌ఫింగర్" నవలలో బాండ్ నడిపేది అంతకు ముందు మోడలు. సినిమా తీసే వేళకు కొత్త మోడలు కావాలన్నారు నిర్మాతలు. కళాదర్శకుడు కెన్ ఆడమ్, స్పెషల్ ఎఫెక్ట్స్ జాన్ స్టియర్స్ ఇద్దరూ పట్టుబట్టారు. కంపెనీ మొదట్లో పెద్ద ఉత్సాహం చూపలేదు. చివరికి కారు ఇచ్చింది, అదీ ఎరువుగా! ఈ "ఎరువు" అన్న మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

వాళ్ళిచ్చింది ప్రయోగాలకు వాడిన బండి. దాని చాసిస్ నంబరు డి.పి./216/1. డి.పి. అంటే డెవలప్‌మెంట్ ప్రాజెక్టు. రోడ్డు నంబరు బి.ఎం.టి. 216ఎ. అసలు ఆ బండి రంగు ఎరుపు. సినిమా కోసం వెండి రంగు పూశారు. జాన్ స్టియర్స్ చేతిలో పడ్డాక దాని అవతారమే మారిపోయింది. ముందు లైట్ల పక్క నుంచి మెషీన్‌గన్నులు, వెనక గుండుదెబ్బ తగలని రేకు, రోడ్డుమీద నూనె పోసే గొట్టం, పొగ, అవతలి కారు టైరు కోసే బ్లేడు, తిరిగే నంబరు ప్లేటు. ఆ నంబరు ప్లేటు ఆలోచన దర్శకుడు గై హామిల్టన్‌ది. కారు ఎక్కడ పెట్టినా పోలీసులు పార్కింగ్ చీటీ అంటిస్తున్నారన్న కోపంలో పుట్టిందట! మెషీన్‌గన్నుల రహస్యం కూడా చెప్పేస్తాను. అవి ఉత్త గొట్టాలు. చిన్న మోటారు వాటిని ముందుకూ వెనక్కూ ఆడిస్తుంటే, ఎసిటిలిన్ గ్యాస్ మంట భగ్గుభగ్గుమనేది. మనం గుండెలు అరచేతిలో పెట్టుకుని చూసింది వెల్డింగు గ్యాసునన్నమాట!

1964 సెప్టెంబరులో లండన్‌లో సినిమా విడుదలైంది. ఆ తర్వాత జరిగిందంతా చరిత్రే. 1965లో కార్గీ కంపెనీ బంగారు రంగులో బొమ్మకారు చేస్తే పిల్లలు లక్షల్లో ఎగరేసుకుపోయారు. ఆ బాండ్ గాలి మన దాకా కూడా వీచింది. 1966లో కృష్ణగారు "గూఢచారి 116"గా పిస్తోలు పట్టి ఆంధ్రా జేమ్స్ బాండ్ అనిపించుకున్నారు కదా!

నలుగురు అన్నదమ్ములు

ఇక్కడ ఒక చిక్కు విప్పాలి. "బాండ్ కారు నా దగ్గరుంది" అని ఒకరికంటే ఎక్కువమంది చెప్పారు. అందరూ నిజమే చెప్పారు! ఎందుకంటే బాండ్ కార్లు మొత్తం నాలుగు.

ఒకటి, ఇందాక చెప్పిన ఆయుధాల బండి. రెండోది, ఆయుధాలు లేకుండా ఊరికే దూసుకుపోయే షాట్లకు వాడిన రోడ్డు బండి. దాని అసలు నంబరు ఎఫ్.ఎం.పి. 7బి. తెరమీద మాత్రం అదీ బి.ఎం.టి. 216ఎ ప్లేటే కట్టుకుంది, డూప్ ఆర్టిస్టు హీరో చొక్కా తొడుక్కున్నట్టు. మిగతా రెండూ 1965లో "థండర్‌బాల్" ప్రచారానికి ఊరూరా తిప్పడానికి తయారైనవి. కెమెరా ముందుకు రానే లేదు.

రోడ్డు బండి కథ సాఫీగా నడిచింది. 1969లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రేడియో స్టేషను నడిపే ఒకాయన పన్నెండు వేల డాలర్లకు కొనుక్కున్నాడు. నలభై ఏళ్ళు తన ఇంట్లోనే దాచుకున్నాడు. 2010 అక్టోబరులో లండన్ వేలంలో పెడితే నలభై ఆరు లక్షల డాలర్లకు పోయింది. ఆ డబ్బు నేరాలు తగ్గించే పరిశోధనలకూ, చదువులకూ సాయపడే తన ధర్మసంస్థకు ఇచ్చేశాడు. బాండ్ కారు అమ్మి నేరాల మీద యుద్ధం... ఇంతకంటే సరైన ఖర్చు నాకు తోచడం లేదు!

ప్రచార బళ్ళు రెండూ 1969లో ఇంగ్లండులోని ఆంథోనీ బామ్‌ఫర్డ్ కొన్నారు. మన ఊళ్ళలో మట్టి తవ్వే పసుప్పచ్చ జె.సి.బి. యంత్రాలున్నాయే, ఆ కుటుంబం ఆయనే. వాటిలో ఒకటి అమెరికాలోని టెన్నెసీలో ఒక చిన్న కార్ల మ్యూజియానికి చేరి, ముప్పై అయిదేళ్ళు కదలకుండా అక్కడే ఉండిపోయింది. 2006లో ఇరవై లక్షల డాలర్లు దాటింది. స్విట్జర్లాండులో దాన్ని విప్పి బిగించి, ఆయుధాలన్నీ మళ్ళీ పనిచేసేట్టు చేశారు. 2019 ఆగస్టులో అరవై మూడు లక్షల ఎనభై అయిదు వేల డాలర్లు పలికింది. సినిమాలో ఒక్క ఫ్రేములో కూడా కనపడని బండికి ఈ ధర! మరి అసలు బండి ఉంటే?

అసలు బండి అగచాట్లు

ఉంటే... అదే కదా గొడవ.

ఎరువు బండి కాబట్టి, ఆయుధాల బండి సినిమాల పని అయ్యాక బుద్ధిగా కంపెనీకి తిరిగి వచ్చింది. కంపెనీవాళ్ళు ఏం చేశారో తెలిస్తే మీరు తల బాదుకుంటారు. గన్నులు పీకేశారు. నూనె గొట్టాలు పీకేశారు. ఎగిరే సీటు ఏర్పాటూ అంతే. పాత సామానంతా ఊడదీసి, 6633 పి.పి. అని కొత్త నంబరు వేయించి, 1968లో సెకండ్‌హ్యాండ్ కారుగా అమ్మేశారు! వాళ్ళ దృష్టిలో అది వాడేసిన పాత ప్రయోగం బండి. నాటకం అయిపోయాక కిరీటాన్ని పెట్టెలో పడేసినట్టు పడేశారు. వాళ్ళనీ అనలేం లెండి. సినిమా సామాను కోట్లు పలుకుతుందని 1968లో ఎవరు కలగన్నారు? మన స్టూడియోల్లో ఎన్ని సెట్లు, ఎన్ని నగలు, ఎన్ని రథాలు అలా మట్టిపాలు కాలేదు!

కెంటు ప్రాంతంలో కొన్న ఆసామి మాత్రం దాని విలువ ఎరిగినవాడు. తన తిప్పలేవో తాను పడి ఆయుధాలు మళ్ళీ పెట్టించాడు. 1971లో అది సముద్రం దాటి అమెరికాలోని యూటాలో ఒక నగల వ్యాపారి చేతికి వెళ్ళింది. 1986లో సోథ్‌బీస్ వేలంలో ఫ్లోరిడాకు చెందిన ఒక భవన నిర్మాణ వ్యాపారి సుమారు రెండున్నర లక్షల డాలర్లు పోసి కొన్నాడు. దాన్ని ఊళ్ళు తిప్పి ప్రదర్శనలకు పెట్టాడు. బోకా రేటన్ విమానాశ్రయంలో ఒక హేంగరులో భద్రంగా ఉంచాడు. భద్రంగా అని ఆయన అనుకున్నాడు!

1997 జూన్. ఒక రాత్రి ఎవరో అలారం తీగెలు కోసేశారు. తెల్లారి చూస్తే కారు లేదు. నేలమీద టైర్లు ఈడ్చిన గుర్తులు. అంటే బండిని స్టార్టు చేసి తోలుకుపోలేదు, కట్టి లాక్కుపోయారు. విమానాశ్రయం కాబట్టి సరుకు విమానం ఎక్కించేశారని ఒక ఊహ. విమానం నుంచి సముద్రంలో తోసేశారని మరో పుకారు. బీమా కంపెనీ దర్యాప్తు చేసింది, తల పట్టుకుంది, చివరికి నలభై రెండు లక్షల డాలర్లు చెల్లించింది. కారు మాత్రం దొరకలేదు.

నంబరు ప్లేటు కాదు, చాసిస్!

"పోతే పోయింది, ఇంకో డి.బి.5 తెచ్చి గన్నులు బిగిస్తే సరిపోదా?" అని మీలో ఎవరైనా అడగొచ్చు. బిగించారు కూడా! ఆ కంపెనీయే 2018లో ప్రకటించి, అచ్చం అలాంటివే ఇరవై అయిదు కొత్తగా చేసి అమ్మింది. ఒక్కోటి ఇరవై ఏడున్నర లక్షల పౌండ్లు, పన్నులు అదనం. రోడ్డు మీద తోలడానికి అనుమతి లేదు. అయినా అవి బాండ్ కార్లు కావు, బాండ్ కారు లాంటివి. తేడా ఎక్కడుంది? చరిత్రలో ఉంది.

మనవైపు ఎకరం పొలం కొనాలంటే ఏం చేస్తాం? లింకు దస్తావేజులు చూస్తాం, ఈసీ తీయిస్తాం. ఫలానావాడు ఫలానావాడికి అమ్మాడు అన్న గొలుసు ఎక్కడా తెగకూడదు. పాత కార్ల లోకంలో కూడా అచ్చు ఇంతే. ఫ్యాక్టరీ రికార్డులో ఉన్న చాసిస్ నంబరుకూ, బండి మీద కొట్టిన అంకెలకూ పొత్తు కుదరాలి. ఆ తర్వాత ప్రతి యజమాని పేరూ వరుసగా రావాలి. మధ్యలో ఒక్క లంకె జారినా, ధర లోతు తెలియని బావిలో పడ్డట్టే.

దీనిమీద లండన్‌లో ఒక రసవత్తరమైన కోర్టు కేసు నడిచింది, 1990లో. అది ఓల్డ్ నంబర్ వన్ అనే బెంట్లీ గురించి. 1929, 1930ల్లో వరసగా రెండుసార్లు లె మాన్ పందెం గెలిచిన కారు. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో ఘోర ప్రమాదానికి గురై, ఆ తర్వాత వేరే బాడీతో మళ్ళీ లేచింది. దాన్ని కోటి పౌండ్లకు బేరం కుదుర్చుకున్న కంపెనీ, "ఇందులో పాత భాగాలేవీ? ఇది ఆ కారే కాదు" అని వెనక్కి తగ్గింది. జడ్జిగారు ఏమన్నారో తెలుసా? పందెం గెలిచిన నాటి ఇనుము కొద్దిగానే మిగిలినా, ఈ బండి జీవితం ఎక్కడా తెగకుండా సాగింది కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్ అన్నారు! బేరం ప్రకారం డబ్బు కట్టాల్సిందేనన్నారు. ఇనుము కంటే వంశావళి గొప్పదని కోర్టే చెప్పేసింది.

ఆ తీర్పు చదివాక నాకు మళ్ళీ మన బండే గుర్తుకొచ్చింది. కంపెనీ గన్నులు పీకేసింది, కెంటు ఆసామి వేరేవి పెట్టించాడు, అయినా అదే బి.ఎం.టి. 216ఎ అని ఎవరూ కాదనలేదు. కారణం ఆ డి.పి./216/1 అన్న అంకెలు. నంబరు ప్లేటుదేముంది, సినిమాలోనే మీట నొక్కితే తిరిగింది! దొంగకు కూడా తలనొప్పి అక్కడే. ఆ అంకెలు ఉంచితే అమ్మలేడు, చెరిపితే మిగిలేది గుర్తు తెలియని పాత ఆస్టన్.

చోరీ కళాఖండాలు వెతికే సంస్థ ఒకటి ఏళ్ళ తరబడి దీని వెంట పడింది. 2021లో ఒక వార్త గుప్పుమంది. మధ్యప్రాచ్యంలో ఎవరిదో సొంత సేకరణలో ఆ కారు ఉందనీ, చాసిస్ నంబరు తన కళ్ళతో చూశానని ఒక సాక్షి చెప్పాడనీ. ఏ దేశమో, ఎవరి షెడ్డో పైకి చెప్పలేదు. కారూ బయటికి రాలేదు.

ఒకవేళ రేపు బయటికొస్తే అది ఎవరిది? దొంగ దగ్గర డబ్బిచ్చి కొన్నవాడిదా? ఆ చోరీ హక్కును ఇంగ్లండు, అమెరికా చట్టాలు సాధారణంగా ఒప్పవు. ఫ్లోరిడా వ్యాపారిదా? ఆయన పరిహారం అందుకున్నాడు. బీమా లోకం రివాజు ప్రకారం చెల్లింపు పూర్తయ్యాక సొమ్ము మీద హక్కు బీమా కంపెనీకి దఖలు పడుతుంది. అంటే 1964లో షాన్ కానరీ తోలిన ఆ వెండి రంగు బండికి ఇప్పటి యజమానిగా కాగితాల మీద నిలబడే వాళ్ళు, ఏనాడూ దాని స్టీరింగు పట్టని బీమా గుమాస్తాలు!