‘వ్యక్తి’ అంటే ఎవరు?

తూర్పు కనుమలలో, అరకులోయకు పోయే దారిలో అనంతగిరి మండలం ఉన్నది. అక్కడి బొర్రా గుహలను చూచి యాత్రికులు అబ్బురపడతారు. చుట్టుప్రక్కల గ్రామాల గిరిజనులకు మాత్రం ఆ కొండలే జీవనాధారం. పొలమూ, పశువుల మేతా, త్రాగునీరూ అన్నీ అక్కడివే. ఆ కొండలలో కాల్సైట్ వంటి ఖనిజాలున్నాయి. వాటిని త్రవ్వుకొనడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజనేతరులకు లీజులు మంజూరు చేసింది.

ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పరం కారాదనే శాసనం అప్పటికే ఉన్నది. రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలును అనుసరించి 1959లో వెలువడిన ఆ శాసనాన్ని 1970లో సవరించి మరింత కట్టుదిట్టం చేశారు. దాని ప్రకారం ఏజెన్సీలో ఏ ‘వ్యక్తి’ అయినా భూమిని గిరిజనులకు, లేదా గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘానికి తప్ప మరెవరికీ బదిలీ చేయరాదు. చేసినా అది చెల్లదు.

మరి ప్రభుత్వం ‘వ్యక్తి’ అవుతుందా? కాదనీ, ఆ నిషేధం తనకు వర్తించదనీ ప్రభుత్వం వాదించింది. గిరిజనుల పక్షాన న్యాయస్థానాన్ని ఆశ్రయించిన ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థకు 1995లో హైకోర్టులో చుక్కెదురైంది. అది సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

1997 జూలై 11న తీర్పు వెలువడింది. ప్రభుత్వం కూడ ‘వ్యక్తి’ యేననీ, గిరిజనేతరులకిచ్చిన గనుల లీజులు చెల్లవనీ జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ నిర్ణయించారు. మూడవ న్యాయమూర్తి జస్టిస్ జి. బి. పట్నాయక్ వారితో విభేదించారు. గనుల నికర లాభంలో కనీసం 20 శాతాన్ని స్థానికుల మంచినీటికి, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు కేటాయించాలని కూడ తీర్పు పేర్కొన్నది.

అయితే ఒక వాకిలి తెరచియే ఉన్నది. ప్రభుత్వరంగ ఖనిజాభివృద్ధి సంస్థగాని, గిరిజన సహకార సంఘాలుగాని గనులు నడుపుకొనవచ్చును. కాని గనిని త్రవ్వేది ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన కొండలోని ఊట ఎండిపోకుండా ఉంటుందా? త్రవ్వాలా వద్దా అని నిర్ణయించేదెవరన్నది అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న ఒడిశాలోని నియమగిరి కొండల విషయంలో ముందుకు వచ్చింది. అక్కడి బాక్సైటు కోసం వ్యాజ్యం వేసినది ఆ రాష్ట్ర ప్రభుత్వ గనుల సంస్థయే. ఆ కొండను దైవంగా కొలిచే డోంగ్రియా కోందులు త్రవ్వకాన్ని వ్యతిరేకించారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆధారంగా, వారి హక్కుల విషయాన్ని గ్రామసభలే పరిశీలించాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న ఆదేశించింది. ఆ ఏడాదే సమావేశమైన 12 గ్రామసభలూ ఏకగ్రీవంగా ‘వద్దు’ అన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది.

1970 నాటి సవరణలోని ఒక్క మాటకు అత్యున్నత న్యాయస్థానం అర్థం చెప్పడానికి 27 సంవత్సరాలు పట్టింది. అంతకాలమూ ఆ శాసనం పుస్తకంలో ఉండనే ఉన్నది. దానిని చేతబట్టుకొని న్యాయస్థానం మెట్లెక్కేవారే కావలసివచ్చారు.