కథల కట్టుబడి: కొన్ని విశేషాలు

‘పాతాళభైరవి’ (1951) గుర్తుందా? తోటరాముడు, రాకుమారి, పిల్లనివ్వడానికి షరతు పెట్టిన రాజు, నేపాళ మాంత్రికుడు, కోరినదిచ్చే ప్రతిమ, వెన్నంటి ఉండే అంజి. ఆ సినిమాకు 23 ఏళ్ల ముందే, 1928లో, వ్లాదిమిర్ ప్రాప్ అనే రష్యన్ పండితుడు ఇలాంటివే వంద అద్భుత కథలను విప్పి చూసి, మనుషులు మారినా వాళ్లు చేసే పనులు మారవని తేల్చాడు. మొత్తం 31 పనులు, ఏడు రకాల పాత్రలు. అన్నీ ప్రతి కథలోనూ ఉండవు. ఉన్నవి మాత్రం ఒకే వరసలో వస్తాయన్నాడు. ఆ పుస్తకం ఇంగ్లీషులోకి రావడానికి 30 ఏళ్లు పట్టింది.

నాటకాన్ని పిరమిడ్‌గా గీసి చూపినవాడు జర్మన్ రచయిత గుస్తావ్ ఫ్రైటాగ్ (1863). శిఖరం నడిమధ్యన, ఆ తర్వాత పతనం. విషాదాంతాలకు బాగా నప్పే బొమ్మ.

భరతుడి నాట్యశాస్త్రం కథను కొలిచే తీరు వేరు. ప్రారంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం: ఈ ఐదు అవస్థలకూ కొలబద్ద నాయకుడి ఆశే. ప్రాప్త్యాశలో ఫలం అందుతుందన్న నమ్మకం, అందదేమోనన్న భయం కలిసే ఉంటాయి. నియతాప్తిలో ఒక్క అడ్డు తొలగితే చాలు, ఫలం ఖాయం. ప్రేక్షకుణ్ణి కుర్చీ అంచుకు లాగేది ఈ రెండు దశలే. సినిమా రచన నేర్పేవాళ్లు హాలీవుడ్ మూడంకాలతో పాటు దీన్నీ నేర్పాలి.

సంఘర్షణ లేనిదే కథ లేదంటారు. జపాన్‌లో మాట వేరు. అక్కడి ‘కిషోతెన్‌కెత్సు’లో ఎత్తుగడ, కొనసాగింపు, అనుకోని మలుపు, ముగింపు ఉంటే చాలు, పోరు తప్పనిసరి కాదు. నాలుగు గడుల కార్టూన్లు చాలావరకు ఈ పద్ధతివే.

అమెరికన్ రచయిత కర్ట్ వానెగట్ కథానాయకుల మంచిచెడ్డలను గ్రాఫుగా గీస్తే, షికాగో విశ్వవిద్యాలయం ఆ సిద్ధాంతవ్యాసాన్ని తిరస్కరించింది. 2016లో అదే ఆలోచనతో వెర్మాంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెయ్యికి పైగా కథలను కంప్యూటర్‌తో పరీక్షించి, భావోద్వేగాల ఎత్తుపల్లాలు ప్రధానంగా ఆరు రకాలేనని చెప్పారు.

ఇక మన పింగళి సూరన. 16వ శతాబ్దపు ‘కళాపూర్ణోదయం’లో, జరిగిన వరసకూ చెప్పిన వరసకూ పొంతన ఉండదు. అన్నిటికీ మూలమైన ఘటన, బ్రహ్మ సరస్వతికి కథ చెప్పడం, కావ్యంలో చాలా దూరం నడిచాక గానీ తెలియదు. పైగా బ్రహ్మ చెప్పిన కథే లోకంలో నిజంగా జరుగుతుంది! పూర్వజన్మ సంగతులు పసిపాప నోట బయటపడతాయి. వచనంలోనైనా సరే చదవండి. స్క్రీన్‌ప్లే రాయాలనుకునే ప్రతి తెలుగు యువ రచయిత బల్ల మీదా ఉండవలసిన పుస్తకం అది.