కార్యాలయానికి ఫ్యాక్స్ యంత్రం: అవగాహన, ఎంపిక

విద్యాసంస్థలో పాఠానికి ఎంత ప్రాధాన్యమో పత్రానికి కూడా అంత ప్రాధాన్యమే. విద్యార్థి చదువు తరగతి గదిలో సాగుతుంది. కాని అతని ప్రవేశం, ఉపకార వేతనం, పరీక్ష ఫీజు, బదిలీ, పట్టా అన్నీ కార్యాలయపు బల్ల మీదుగానే నడుస్తాయి. ఎల్లారెడ్డి నుండి ఒక కాగితం కామారెడ్డికి చేరాలన్నా, కామారెడ్డి నుండి డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయానికో హైదరాబాదుకో వెళ్ళాలన్నా ఒక మనిషి బస్సెక్కవలసినదే. లేదా తపాలాను నమ్ముకోవలసినదే. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడిన పిదప జిల్లా కార్యాలయాలు మనకు దగ్గరైన మాట నిజం. అయినా గడువు తేదీ దూరాన్ని గాని వానను గాని లెక్కచేయదు. 2025 ఆగస్టు చివరి వారంలో కుండపోత వర్షాలకు మన ప్రాంతంలో రోడ్లు తెగి, రైళ్ళు నిలిచిపోయిన రోజులను పాఠకులు మరచి ఉండరు. మనిషి వెళ్ళలేని చోటికి సంతకంతో, ముద్రతో సహా కాగితం వెళ్ళడం ఎట్లా?

ఈ ప్రశ్నకు గత శతాబ్దం ఇచ్చిన సమాధానాలలో ఫ్యాక్స్ యంత్రం ఒకటి. దాని ప్రాభవం నేడు తగ్గినది. అయినను కార్యాలయాలకు అమ్మే ముద్రణ యంత్రాలలో కొన్నింట ప్రింటరు, జిరాక్సు, స్కానరులతోపాటు ఫ్యాక్స్ సౌకర్యం కూడా ఉంటున్నది. ఆ సౌకర్యం మనకు అవసరమా, అవసరమైతే ఎట్టిదానిని ఎన్నుకోవాలి అని ఆలోచించే పాలకవర్గ సభ్యులకు, రేపు కార్యాలయాలలో ఉద్యోగాలు చేయబోయే విద్యార్థులకు ఉపకరించునట్లు ఈ విషయాన్ని ఇక్కడ వివరింప పూనుకున్నాము.

ఫ్యాక్స్ అనునది 'ఫ్యాక్సిమిలీ' అను మాటకు సంక్షిప్త రూపం. లాటిన్ భాషలో దానికి 'ఇట్టిదే చేయుము' అని అర్థం. టెలిఫోను కంటె ఇది వయసులో పెద్దది అంటే చాలామందికి ఆశ్చర్యం కలుగవచ్చును. గ్రాహంబెల్ టెలిఫోనుకు పేటెంటు పొందినది 1876లో. స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ బెయిన్ తంతి ద్వారా ప్రతిరూపాలను పంపే పద్ధతికి పేటెంటు పొందినది 1843లోనే. 1865లో ఇటలీ దేశీయుడైన కసెల్లీ రూపొందించిన యంత్రం ప్యారిస్, లియాన్ నగరాల నడుమ చేతిరాతలను, చిత్రాలను చేరవేసినది. 1966లో జిరాక్స్ సంస్థ మామూలు టెలిఫోనుకు జతచేయగల యంత్రాన్ని అమ్మకానికి తెచ్చినది. ఒక్క పుట పంపడానికి దానికి ఆరు నిమిషాలు పట్టేది. 1980లో 'గ్రూప్ 3' అను అంతర్జాతీయ ప్రమాణం వచ్చిన తరువాత పుటకు ఒక నిమిషం చాలినది. ఏ సంస్థ చేసిన యంత్రమైనా మరొక సంస్థ యంత్రంతో మాట్లాడగలగడం ఈ ప్రమాణం ఫలితమే.

టెలిగ్రాముకు, ఫ్యాక్సుకు గల భేదాన్ని మన కళాశాల వంటి చోట ప్రత్యేకంగా గుర్తింపవలసి ఉన్నది. టెలిగ్రాము అక్షరాన్ని సంకేతంగా మార్చి పంపుతుంది. పాత టెలిప్రింటరు వాడిన అయిదు అంశాల సంకేతంలో మొత్తం 32 కలయికలే సాధ్యం. ఇంగ్లీషు అక్షరాలు 26 గనుక వాటికి అది సరిపోయినది. గుణింతాలు, ఒత్తులు గల తెలుగుకు గాని, ఒక అక్షరం పక్క అక్షరంతో కలిసి రూపం మార్చుకునే ఉర్దూకు గాని ఆ ఇరుకు గదిలో చోటు దొరకలేదు. మన దేశంలో 2013 జూలైలో ముగిసిన టెలిగ్రాము సేవలో తెలుగువాడు తన క్షేమ సమాచారాన్నైనా పరాయి లిపిలోనే పంపుకున్నాడు.

ఫ్యాక్స్ యంత్రానికి అక్షరజ్ఞానం లేదు. అదే దాని గొప్పతనం. దానికి తెలిసినది తెలుపు, నలుపు మాత్రమే. కాగితం మీద ఉన్నది తెలుగైనా, ఉర్దూ అయినా, పట్టా నక్షా అయినా, వేలిముద్ర అయినా అది సమానంగానే చూస్తుంది. వేలకొలది చిత్రాక్షరాలు గల జపాను దేశం ఈ యంత్రాన్ని అందరికంటె గాఢంగా ఆదరించడానికి ముఖ్య కారణాలలో ఇది ఒకటి. ఉర్దూ విషయం కూడా ఇట్టిదే. నస్తలీక్ లిపిలో అక్షర సంయోజనకు అనువైన నూరీ నస్తలీక్ 1981లో పత్రికా ముద్రణలోకి వచ్చేవరకు ఉర్దూ పత్రికలు ప్రధానంగా కాతిబుల చేతిరాత మీదనే ఆధారపడినవి. చెన్నైలో 1927లో ప్రారంభమైన 'ముసల్మాన్' దినపత్రిక ఆ పద్ధతిని ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు నిలుపుకున్నది. అట్టి చేతిరాతను ఉన్నదున్నట్లు దూరానికి పంపగల సాధనం ఫ్యాక్స్.

అయితే యంత్రం సమదృష్టి గలదైనంత మాత్రాన అక్షరానికి అపాయం లేదని భావింపరాదు. ఇక్కడ కొంచెం లెక్క అవసరం. గ్రూప్ 3 యంత్రం కాగితాన్ని అడ్డంగా సన్నని గీతలుగా విభజించి, ఒక్కొక్క గీతలో 1728 బిందువులను పరిశీలిస్తుంది. సాధారణ పద్ధతిలో నిలువున ఒక మిల్లీమీటరుకు 3.85 గీతలు వస్తాయి. 297 మిల్లీమీటర్ల పొడవు గల ఎ4 కాగితానికి 1143 గీతలు, అనగా దాదాపు 20 లక్షల బిందువులు. సెకనుకు 9600 బిట్ల వేగంతో వీటిని ఒక్కొక్కటిగా పంపితే మూడున్నర నిమిషాలు పడుతుంది. అందువలన యంత్రం 'ఇక్కడ నూరు తెలుపు, ఆపైన మూడు నలుపు' అన్నట్లు గుంపులుగా కుదించి పంపుతుంది. తెల్లని జాగా ఎక్కువగా ఉన్న ఉత్తరం త్వరగా పోవడానికి, ఫోటోలు, పెద్ద ముద్రలు ఉన్న పత్రం ఆలస్యం కావడానికి కారణం ఇదే.

ఈ లెక్కను మన లిపులకు అన్వయించి చూడుము. అర మిల్లీమీటరు ఎత్తున్న ఒక ఉర్దూ నుక్తాకు సాధారణ పద్ధతిలో దక్కేవి రెండు గీతలు మాత్రమే. 'ఫైన్' పద్ధతిలో నాలుగు గీతలు దక్కుతాయి. ఉర్దూలో నుక్తా అలంకారం కాదు. 'దువా' అను మాటకు ఒక చుక్క చేర్చితే అది 'దగా' అవుతుంది; ప్రార్థన మోసంగా మారుతుంది. 'రహీమ్' అను పేరులోని హే అక్షరం కింద ఒక మరక పడితే 'రజీమ్' అవుతుంది. కరుణామయుడన్న అర్థం పోయి శపింపబడినవాడన్న అర్థం వస్తుంది. తెలుగులో పకారానికి, ఫకారానికి గల తేడా అడుగున ఉన్న చిన్న గీత. ఆ గీత చెదిరితే 'ఫాతిమా' కాస్తా 'పాతిమా' అవుతుంది. ఒక పత్రంలో ఒక పేరు, వేరొక పత్రంలో మరొక పేరు ఉంటే ఉపకార వేతనం నిలిచిపోవచ్చును. కనుక మన వంటి కార్యాలయంలో పత్రాలను ఎల్లప్పుడు ఫైన్ పద్ధతిలోనే పంపాలి. యంత్రపు అద్దాన్ని ప్రతిదినం తుడవాలి. చుక్క పోవడం ఎంత ప్రమాదమో, లేని చుక్క రావడం కూడా అంతే ప్రమాదం.

ఇక యంత్రాల రకాలు. వచ్చిన పత్రాన్ని అచ్చువేసే పద్ధతిని బట్టి ఇవి ముఖ్యంగా నాలుగు విధాలు. మొదటిది వేడికి నల్లబడే పూత గల కాగితపు చుట్టను వాడేది. దీనికి సిరా అక్కరలేదు. కాని ఎండకు, వేడికి, కాలానికి అక్షరాలు వెలిసిపోతాయి. మన వేసవులలో ఆ కాగితాన్ని నేరుగా ఫైలులో పెట్టడమంటే సాక్ష్యాన్ని మనమే చెరిపివేయడం. వచ్చిన వెంటనే జిరాక్సు తీయించాలి. రెండవది రిబ్బను వాడేది. మామూలు కాగితంపైనే అచ్చు వస్తుంది; అయితే వాడిన రిబ్బను మీద ప్రతి పత్రపు నీడ మిగిలి ఉంటుంది. దానిని చెత్తబుట్టలో వేస్తే విద్యార్థుల మార్కులు, ఆదాయ ధ్రువపత్రాలు బజారులో వేసినట్లే. మూడవది ఇంకుజెట్. కొనుగోలు ధర తక్కువ. అరుదుగా వాడితే సిరా ఎండి ముక్కు మూసుకొనిపోతుంది. నాలుగవది లేసర్. పుటకయ్యే ఖర్చు తక్కువ, అచ్చు మన్నిక ఎక్కువ. కాని అచ్చు వేసే క్షణంలో విద్యుత్తును అధికంగా లాగుతుంది గనుక చిన్న ఇన్వర్టరు దానిని మోయలేదు.

యంత్రం కంటె ముందు ఆలోచింపవలసినది తీగ. ఫ్యాక్స్ బిందువులను ధ్వనులుగా మార్చి, మనిషి గొంతు కోసం ఏర్పరచిన టెలిఫోను మార్గంలో పంపుతుంది. పాత రాగి తీగకు ఇది సరిపోతుంది. ఇప్పుడు అనేక చోట్ల రాగి తీగల స్థానంలో ఫైబర్ వచ్చినది. అందులో ధ్వని చిన్న చిన్న పొట్లాలుగా ప్రయాణిస్తుంది. మాటల మధ్య ఒక పొట్లం జారిపోతే చెవి సర్దుకుంటుంది. ఫ్యాక్స్ సర్దుకోలేదు, సగం పుటతో ఆగిపోతుంది. దీనికి విరుగుడుగా 1998లో 'టి.38' అను ప్రమాణం ఏర్పడినది. కనెక్షన్ ఇచ్చే సంస్థ దానిని సమకూర్చుతున్నదా అని అడిగి తెలుసుకున్న తరువాతనే యంత్రం సంగతి ఆలోచించాలి. సెల్‌ఫోను మార్గం మనిషి మాటకు అనుగుణంగా ధ్వనిని కుదిస్తుంది గనుక ఫ్యాక్సుకు అది పనికిరాదు.

తీగ తరువాత మనిషి. 2018 నవంబరు 21న జమ్మూ కాశ్మీరులో ప్రభుత్వం ఏర్పాటు చేస్తామని మెహబూబా ముఫ్తీ గవర్నరుకు పంపబోయిన ఉత్తరం రాజ్‌భవన్ ఫ్యాక్సుకు చేరలేదు. ఆ రాత్రే శాసనసభ రద్దయినది. ఆనాడు పండుగ సెలవని, ఫ్యాక్స్ చూసేవారెవరూ లేరని గవర్నరు సత్యపాల్ మాలిక్ వివరణ ఇచ్చినారు. ఆ రాజకీయ వివాదంతో మనకు పని లేదు. కాని యంత్రం దగ్గర బాధ్యత గల మనిషి లేకపోతే ఎంత గొప్ప కార్యాలయమైనా చెవిటిదేనన్న పాఠాన్ని మాత్రం గ్రహింపవచ్చును. అందుచేత కాగితం అయిపోయినప్పుడు వచ్చిన పుటలను నిలువ ఉంచుకునే మెమరీ, తప్పులను సరిచేసుకునే ఏర్పాటు, పంపిన ప్రతిసారి తేదీ, సమయం, పుటల సంఖ్యతో నివేదిక ఇచ్చే సౌకర్యం యంత్రంలో తప్పక ఉండాలి. ఆ నివేదికను డిస్పాచ్ రిజిస్టరుకు జతపరచాలి.

చట్టం కూడా సమయాన్ని ఇట్లే పట్టించుకుంటుంది. చెల్లని చెక్కుకు సంబంధించిన నోటీసును ఫ్యాక్స్ ద్వారా పంపవచ్చునని సుప్రీంకోర్టు 1999లో ఎస్.ఐ.ఎల్. ఇంపోర్ట్ కేసులో తీర్పు చెప్పినది. అందులో నోటీసును ముందు ఫ్యాక్సులోను, తరువాత రిజిస్టర్డ్ తపాలాలోను పంపినారు. గడువును ఫ్యాక్స్ అందిన నాటి నుండే లెక్కించినందున, ఆ పంపినవారి ఫిర్యాదే ఆలస్యమైనదిగా తేలినది. ఫ్యాక్స్ అందిన క్షణం ఆట వస్తువు కాదని దీనివలన తెలుస్తున్నది.

మరి నేడు కొనవలెనా? బ్రిటిష్ ప్రభుత్వ వైద్య సేవా సంస్థ 2019 జనవరి నుండి కొత్త ఫ్యాక్స్ యంత్రాల కొనుగోలును నిషేధించినది. జపానులో 2021లో ప్రభుత్వ కార్యాలయాల నుండి ఫ్యాక్సును తొలగింపబూనగా అనేక కార్యాలయాలు అభ్యంతరం తెలిపినవి. ఈ రెండింటి నడుమ మా అభిప్రాయం ఇది. కేవలం ఫ్యాక్స్ కొరకే ఒక యంత్రాన్ని కొనడం నేటి కళాశాలకు తగదు. ముందుగా మనం ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే కార్యాలయాల జాబితా తయారుచేసి, వాటిలో ఇప్పటికీ ఫ్యాక్స్ స్వీకరించి జవాబిచ్చేవి ఎన్నో విచారించాలి. అట్టివి ఉండి, తగిన తీగ కూడా ఉంటే, ఫ్యాక్స్ సౌకర్యం గల లేసర్ యంత్రాన్ని తీసుకొనవచ్చును. పుస్తకం, పాత సనదు వంటివి పరచడానికి అద్దపు పలక, ఎక్కువ కాగితాలను తానే లాగుకునే ఏర్పాటు అందులో ఉండాలి. కొటేషన్లు పోల్చేటప్పుడు యంత్రం ధరనే గాక, ఒక టోనరు ధరను దానితో వచ్చే పుటల సంఖ్యతో భాగించి చూడాలి. మరమ్మతు చేసేవారు కామారెడ్డిలోనే దొరుకుతారా, హైదరాబాదుకు మోయాలా అన్నది కూడా ధరలో భాగమే.

అట్టి కార్యాలయాలు లేనిచో ఆ ధనాన్ని మంచి స్కానరు మీద వెచ్చించుట మేలు. అంగుళానికి 300 బిందువుల స్కానరులో ఇంతకుముందు చెప్పిన నుక్తాకు ఆరు గీతలు దక్కుతాయి. ఆ ప్రతిని ఈమెయిలు ద్వారా పంపవచ్చును. ఫోనుతో వంకరగా, నీడలు పడేటట్లు తీసిన ఫోటో దీనికి సాటి రాదు.

తెలంగాణలో 2017లో చేసిన చట్ట సవరణతో ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయినది. చట్టం ఇచ్చిన ఆ స్థానం కార్యాలయపు బల్ల మీద నిలవాలంటే, ఉర్దూలో రాసిన అర్జీ, తెలుగులో రాసిన అర్జీ అవతలి వ్యక్తికి చుక్క చెదరకుండా, ఒత్తు పోకుండా చేరాలి. ఏ యంత్రమైనను పాలకవర్గం దానిని ఈ గీటురాయి మీద పరీక్షించాలి: రెండు లిపులలో చిన్న అక్షరాలతో రాసిన ఒక పుటను దుకాణంలోనే పంపించి, అవతల వచ్చిన ప్రతిని ఆ పుట చూడని మనిషి చేత చదివించాలి. అతడు ప్రతి పేరును తప్పు లేకుండా చదివితే ఆ యంత్రం మన కార్యాలయానికి తగినదని నిర్ణయింపవచ్చును.