కొంగ వాలేలోపు

చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు కట్టే కాలం వస్తే, పుట్టపర్తిలో నాకు కాలు నిలవదు. ఊళ్లోవాళ్లు వాటిని సైబీరియా పక్షులంటారు గానీ అవి మన ఉపఖండానివే. ఇళ్ల మీదికి ఒరిగిన కొమ్మల్లోనే పిల్లల్ని సాకుతాయి. చేపలు మింగుకొచ్చిన కొంగ రెక్కలు విప్పి, కాళ్లు ముందుకు చాచి వాలే క్షణం కోసమే కెమెరా పట్టుకుని నిలబడతాను. నా మొదటి లెన్సు గిర్రుమని తిరిగి, ఫోకస్ దాటిపోయి, మళ్లీ వెనక్కొచ్చేది. అప్పటికి కొంగ గూట్లో కూర్చునేది.

లెన్సులో కొన్ని కటకాలు ముందుకో వెనక్కో జరిగితేనే బొమ్మ స్పష్టమవుతుంది. ఎటు జరపాలో, ఎంత జరపాలో మంచి కెమెరా చిటికెలో తేల్చేస్తుంది: లెన్సు రెండు అంచుల నుంచి వచ్చిన వెలుగును పోల్చి చూసుకుంటుంది. కష్టమంతా బరువైన గాజును కదిలించి, అనుకున్నచోట ఆపడంలోనే. 1985 నాటి మినోల్టా 7000 అనే కెమెరాకు మోటారు లెన్సులో కాక కెమెరాలోనే ఉండేది. అక్కణ్ణుంచి ఒక చిన్న ఇరుసు లెన్సులోని పళ్ల చక్రాలను తిప్పేది. పళ్ల మధ్య కాస్త వదులు తప్పదు. దిశ మారినప్పుడల్లా ఆ వదులు తీరాకే గాజు కదులుతుంది.

1987లో కానన్ 300 మిల్లీమీటర్ల లెన్సులో వేరే రకం మోటారు పెట్టింది. దాని సూత్రం మన వంటింట్లోనే ఉంది. గ్యాస్ లైటరు నొక్కితే లోపలి సిరామిక్ ముక్కకు దెబ్బ తగిలి కరెంటు పుడుతుంది, నిప్పురవ్వ ఎగురుతుంది. స్ఫటికాల్లో ఈ గుణాన్ని 1880లో క్యూరీ సోదరులు జాక్, పియర్ కనిపెట్టారు. తిరగేసినా అంతే: కరెంటిస్తే ఆ ముక్క సాగి ముడుచుకుంటుంది. అలాంటి సిరామిక్‌ను లోహపు రింగు అడుగున అతికించి, సెకనుకు దాదాపు 30 వేల సార్లు అదిరిస్తారు. రింగు చుట్టూ ఒక అల పరుగెడుతుంది. దాని ఎత్తు మిల్లీమీటరులో వెయ్యో వంతు మాత్రమే. 20 వేలు దాటిన అదురు మన చెవికి అందదు, కొంగ కూడా బెదరదు.

తొలకరికి బయటికొచ్చే రోకలిబండను చూసే ఉంటారు. దాని కాళ్ల మీద అలలు పాకుతుంటాయి. దాన్ని వెల్లకిలా పడేసి కాళ్ల మీద అగ్గిపుల్ల పెట్టామనుకోండి, ఆ కాళ్లే పుల్లను ఒక పక్కకు తోసేస్తాయి. ఈ మోటారూ అంతే: లోహపు రింగు పైఅంచున దువ్వెన పళ్లలా గాట్లుంటాయి. అల కింద నుంచి సాగుతుంటే ఒక్కో పన్ను కొస కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతూ, పైన గట్టిగా ఆనుకున్న రెండో రింగును ఇంతింతగా నెడుతుంది. ఆ రింగు అలకు ఎదురు దిక్కున తిరిగి గాజును జరుపుతుంది. అదురు ఆగిన మరుక్షణం ఆ రాపిడే బ్రేకు. వదులూ లేదు, దాటిపోవడమూ లేదు.

ఇప్పటి మిర్రర్‌లెస్ లెన్సుల్లో చాలావాటిలో ఈ రింగు పోయి లీనియర్ మోటార్లు వచ్చాయి. ఫోకస్ చేసే గాజును తేలిక చేయగలిగాక, దాన్ని అయస్కాంతాలతో తిన్నగా ముందుకూ వెనక్కూ లాగడమే నయమైంది. చింతచెట్టు కింద పిల్లలు ఎత్తి పట్టుకునే ఫోన్లలోనూ ఇంచుమించు ఇదే ఏర్పాటు: లౌడ్‌స్పీకర్లో ఉన్నట్టే ఒక తీగచుట్ట, ఒక అయస్కాంతం, పల్చటి స్ప్రింగులు. కొన్ని ఫోన్లను చెవి దగ్గర మెల్లగా ఊపితే, ఆ స్ప్రింగుల మీద వేలాడే బుల్లి లెన్సు టకటకమనడం వినిపిస్తుంది.