గోడ ఎవరిది?

'ఇచ్చట ప్రకటనలు అంటింపరాదు' అను వాక్యము మన పట్టణములలో ఏ గోడపై వ్రాయబడియున్నదో, తరచుగ ఆ గోడపైననే ఆ వాక్యమును కప్పివేయుచు ప్రకటనలు అంటింపబడియుండును. గృహస్థుడు సంక్రాంతికి సున్నము వేయించును. అది తడియారకముందే ట్యూషను కేంద్రములవారును, మొలల వైద్యులును, సులభముగ అప్పులిచ్చెదమనువారును, సినిమావారును, నాయకుల జన్మదినోత్సవములు జరుపు అనుచరులును దానిపై తమ తమ హక్కులు స్థాపించుకొందురు. తెల్లవారి లేచి చూచుకొను యజమానునకు, పన్ను చెల్లించు భారము మాత్రమే తనదనియు, గోడ ఊరివారందరిదనియు బోధపడును. దీనిని నివారించుటకు చట్టము లేదా యని పలువురు ప్రశ్నించుచున్నారు. లేకేమి? పాతికేండ్లకు పైబడి ఉన్నది.

1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ బహిరంగ స్థలముల వికృతీకరణమును నివారించుటకును, అశ్లీలములు, అభ్యంతరకరములునైన పోస్టర్లను, ప్రకటనలను నిషేధించుటకును ఒక చట్టము చేసినది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట అది ఉభయ రాష్ట్రములకును సంక్రమించినది. చట్టము పేరు ఒక్క ఊపిరిలో చదువుట కష్టము. ఆ పేరులోనే రెండు వేర్వేరు విషయములు ముడివడియున్నవి: బొమ్మ చెడ్డదగుట ఒకటి, బొమ్మ మంచిదైనను గోడ తనది కాకపోవుట మరియొకటి. మొదటిదానిని గూర్చి మనవారు కొంత కోలాహలము చేసిరి. చలనచిత్రముల పోస్టర్లపై మహిళలు తారు పూసిన సందర్భములును కలవు. రెండవదానిని మాత్రము ఎవ్వరును అపరాధముగ ఎంచినట్లు కానరాదు. దేవుని పటమును అంటించినను, జాతీయనాయకుని చిత్రమును అంటించినను, అనుమతి లేక పరుని గోడపై అంటించుట అపరాధమేయని మనకింకను తోచకున్నది.

ఇది క్రొత్త సూత్రము కాదు. లండను నగరమునకై 1839లో చేసిన పోలీసు చట్టమునందే, యజమానుని సమ్మతి లేనిదే గోడపై గాని కంచెపై గాని కాగితము అంటించువానికి నలువది షిల్లింగుల వరకు జుల్మానా విధింపబడెను. మన దేశములో మద్రాసువారు 1959లోను, పశ్చిమ వంగమువారు 1976లోను, ఢిల్లీవారు 2007లోను ప్రత్యేక చట్టములు చేసికొనిరి. వీనిలో ఢిల్లీ చట్టము కఠినమైనది. ఒక సంవత్సరము వరకు కారాగారవాసము గాని, 50,000 రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును.

శిక్ష ఎంతయను ప్రశ్నకంటె శిక్ష ఎవరికి అను ప్రశ్న ముఖ్యమైనది. అర్ధరాత్రి దాటిన పిమ్మట బకెట్టులో మైదాపిండి జిగురును, చేత కుంచెను పట్టుకొని సైకిలుపై బయలుదేరు కూలివాడెవడు? ఆ పిండి వాసనకు తెల్లవారినంతనే పశువులు వచ్చి పోస్టర్లను చీల్చి తినునని, కొందరు జిగురులో మైలుతుత్తము కలుపుదురు. ఇన్ని జాగ్రత్తలు తెలిసిన ఆ కూలివానికి పోస్టరుమీది ముఖమెవరిదో తెలియకపోవచ్చును. తెలిసికొను అవసరమును లేదు. వానికి కావలసినది ఆ రాత్రి కూలి. చట్టము మేల్కొన్ననాడు చిక్కువాడు వాడే. పోస్టరుమీద చేతులు జోడించి నవ్వుచున్న మహానుభావుడు మాత్రము, అభిమానులు చేసిన పని, నాకేమియు తెలియదు అని తప్పించుకొనును. లోకములో ఏ దొంగయు కన్నము వేసిన చోట తన పేరు, ఫోటో, టెలిఫోను నంబరు విడిచిపోడు. ఈ ఒక్క అపరాధములో మాత్రము అవన్నియు పెద్ద అక్షరములతో విడిచిపోయినను, అపరాధి దొరకలేదని అధికారులు చెప్పుచుందురు!

వంగదేశపు చట్టమును, దాని ననుసరించి ఢిల్లీ చట్టమును ఈ మోసమును గ్రహించినవి. అపరాధము పరుని లాభముకొరకు జరిగినప్పుడు ఆ లాభము పొందినవాడును, అది సంఘమైనచో దాని అధ్యక్ష కార్యదర్శులును, తమకు తెలియక, తమ సమ్మతి లేక జరిగినదని ఋజువు చేసికొననియెడల అపరాధులే యగుదురని అందు స్పష్టముగ వ్రాసిరి. తెలియదని నోటిమాటగ చెప్పిన చాలదు. ఋజువు చేయు భారము వారిదే. మన ఉభయ రాష్ట్రములలోను ఆచరణకు రావలసిన సూత్రమిదియేయని మా అభిప్రాయము.

ఈ సూత్రమునకు ఎంత బలమున్నదో ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థిసంఘపు ఎన్నికలు నిరూపించినవి. విద్యార్థి ఎన్నికలలో అచ్చు పోస్టర్లు కూడదనియు, చేతితో వ్రాసినవానిని మాత్రము నిర్ణీత స్థలములలో ఉంచవలెననియు, అభ్యర్థి 5,000 రూపాయలకు మించి వ్యయము చేయరాదనియు లింగ్డో సంఘము 2006లోనే సిఫారసు చేసెను. సుప్రీముకోర్టు దానిని అమలు పరుపుమనెను. అయినను ఏటేట ఢిల్లీ గోడలు అభ్యర్థుల పేర్లతో నిండిపోవుచునేయున్నవి. 2024 సెప్టెంబరు 27న పోలింగు జరిగెను. గోడలు శుభ్రపడువరకు వోట్లు లెక్కింపరాదని ఢిల్లీ హైకోర్టు ఆజ్ఞాపించెను. అంతట అభ్యర్థులు గోడలకు రంగులు వేయించుటకు పరుగులిడిరి. లెక్కింపు నవంబరు 25న గాని జరుగలేదు. జుల్మానాకు జంకనివారు ఫలితము ఆగినంతనే జంకిరి. మన శాసనసభల ఎన్నికలకును ఇట్టి ఉపాయమొకటి దొరకిన బాగుండును గదా యని చదువరులు తలపవచ్చును. అది సాధ్యమని మేము చెప్పజాలము.

ఎన్నికల సంఘమువారి ప్రవర్తనా నియమావళి ప్రకారము, యజమానుని అనుమతి లేనిదే ఏ పార్టీవారును అతని స్థలమునందు గాని, ప్రహరీపై గాని జెండాలు కట్టరాదు, నినాదములు వ్రాయరాదు. గ్రామములలో ఈ అనుమతి ఎట్లు లభించుచున్నదో మన రైతుసోదరులకు తెలియనిది కాదు. నలుగురు వచ్చి, అన్నా, నీ గోడ రోడ్డువైపునకున్నది అందురు. కాదనిన వైరము. ఒకరికి ఔనని రెండవవారికి కాదనిన ఇంకను వైరము. తుదకు గోడయొక్క ఒకసగమున ఒక గుర్తును, రెండవసగమున మరియొక గుర్తును వెలయగా యజమానుడు మధ్యస్థుడై కూర్చుండును. ఇట్టి సమ్మతిని సమ్మతియనుట మాటవరుసకే. ఎన్నికలు ముగిసిన తరువాత గోడకు సున్నము వేయించువాడు మరల అతడే.

ఇంతవరకు గోడ యజమానుని పక్షమున వ్రాసితిమి. రెండవ పక్షమొకటి కలదు. దానిని మేము మరువజాలము. పరప్రభుత్వము పత్రికల నోరు నొక్కిన దినములలో దేశముయొక్క మాట గోడలపైననే పలికినది. 1942లో నాయకులందరును చెరసాలలలో నుండగా, రహస్యముగ సైక్లోస్టయిలు చేసిన కాగితములు చేతులు మారి ఊరూర తిరిగినవి. పత్రిక పెట్టలేనివానికి, సభాభవనము అద్దెకు తీసికొనలేనివానికి, నేటికిని గోడయే పత్రిక. జీతములందని పారిశుధ్య కార్మికులు, పంటకు ధర రాని కౌలురైతులు తమ సభకు పదిమందిని పిలుచుటకు పోస్టరు తప్ప వేరు సాధనమేమున్నది? చట్టమును గట్టిగ అమలు జరిపినచో మొదట చినుగునది వారి కాగితమే యనియు, మంత్రివర్యుని నిలువెత్తు ఫ్లెక్సీకి ఏ బంట్రోతును నిచ్చెన వేయడనియు మాకు భయము.

ఫ్రెంచివారు ఇందులకొక మార్గము కనుగొనిరి. వారి 1881 నాటి పత్రికాస్వాతంత్ర్య చట్టముపేర 'అంటింపరాదు' అను హెచ్చరికలు నేటికిని అచ్చటి గోడలపై కాననగును. వారు నిషేధముతో ఆగలేదు. ప్రతి గ్రామముగాని పట్టణముగాని, ప్రజాభిప్రాయ ప్రకటనకును, లాభాపేక్షలేని సంఘముల ప్రకటనలకును కొంత స్థలమును ఉచితముగ కేటాయించి తీరవలెనని శాసించిరి. రెండువేల లోపు జనులున్న గ్రామమునకు సైతము నాలుగు చదరపు మీటర్లుండవలెను. జనసంఖ్యతోపాటు ఇదియు పెరుగును. మన పురపాలక సంఘములు వ్యాపార ప్రకటనల స్థలములను అద్దెకిచ్చి ఆదాయము గడించుచున్నవి. బస్సుస్టాండు వద్ద, మార్కెట్టు వద్ద, కళాశాల వద్ద పేదవాని కాగితమునకు నాలుగు గజముల పలకను నిలుపుటకు వానికి మిక్కిలి వ్యయము కానేరదు. అట్టి పలకను చూపిన తరువాత గదా, ఇతర గోడలను ముట్టవలదని నోరారగ చెప్పుట!

ఇక ఫ్లెక్సీ మాట. కాగితమును వాన కరగించును, పశువు తినును. ఈ ప్లాస్టికు గుడ్డ అట్లు పోదు. అది అందవిహీనమగుటయే గాక ప్రాణాంతకము. 2019 సెప్టెంబరు 12న చెన్నపట్టణపు శివారులో ఒక రాజకీయనాయకుని ఇంటి వివాహమునకై అనుమతి లేకయే కట్టిన బ్యానరు, ద్విచక్రవాహనముపై పోవుచున్న ఒక యువతిపై బడెను. ఆమె క్రిందపడగా వెనుకవచ్చిన ట్యాంకరు లారీ ఆమె ప్రాణము తీసెను. ఆమె వయస్సు ఇరువదిమూడేండ్లు. 2022 ఆగస్టులో విశాఖపట్టణమున నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ప్లాస్టికు ఫ్లెక్సీలను నిషేధించుచున్నట్లు ప్రకటించిరి. నవంబరు 1న ఆరంభము కావలసినది 2023 జనవరి 26కు వాయిదా పడెను. తరువాతి కథ మా వ్రాతకంటె మన కూడలులే బాగుగ చెప్పగలవు.

ఎన్నికల పోస్టరుపై ముద్రాపకుని, ప్రకాశకుని పేర్లు, చిరునామాలు ఉండి తీరవలెనని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టములోని 127ఎ విభాగము శాసించుచున్నది. లేనిచో ఆరునెలల వరకు శిక్ష, 2,000 రూపాయల వరకు జుల్మానా, లేదా రెండును. ఈ నియమమును వ్యాపార ప్రకటనలకును, నాయకుల స్తోత్రపాఠములకును ఏడాది పొడవున వర్తింపజేసిన చాలును. జనుల మొరలను తెలుపు కాగితములను దీనినుండి మినహాయింపవలెను. ఏలయన, ముద్రాపకుని పేరు వ్రాయవలెనను నియమముతోనే 1867 నుండి పరప్రభుత్వము మన అచ్చుకూటములను నిఘాలో నుంచినది. ఫ్లెక్సీలు అచ్చువేయు దుకాణము ఊరికి నాలుగో అయిదో యుండును. అధికారులు రాత్రులందు జిగురు బకెట్టుల వెంట తిరుగనక్కరలేదు. పట్టపగలు ఆ దుకాణమునకు పోయి, ఆర్డరు పుస్తకమును తెరచి, ఎవరు చేయించిరో చూచి నోటీసు పంపవచ్చును. ఆ పుస్తకములో మొదటి పుటలలో తారసపడు పేర్లు ఎవరివైయుండునో ఎరిగియే గాబోలు, ఇంతవరకు దానిని తెరువ సాహసించినవారు అరుదు.