మీ వివరాలు ఎవరి చేతిలో ఉన్నాయి?

దోస్త్‌లో సీటు కోసం ఒకసారి, ఈపాస్‌లో స్కాలర్‌షిప్ కోసం ఇంకోసారి, పరీక్ష ఫీజుకు మరోసారి... డిగ్రీ పూర్తయ్యేలోపు మీ ఆధార్, కులం, ఆదాయం, బ్యాంకు ఖాతా వివరాలు ఎన్నిచోట్ల ఇచ్చారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? టేకులపల్లి నుంచి ఇల్లందుకో, కొత్తగూడేనికో వెళ్లి చదువుకుంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు ఈ లెక్క చాలా అవసరం. ఎందుకంటే, ఆ వివరాలు చేజిక్కించుకున్నవాడు మీ పేరు, కోర్సు చెప్పి మరీ ఫోన్ చేస్తాడు. 'సింగరేణిలో పోస్టు ఉంది, ముందు ఐదు వేలు కట్టండి' అంటే నిజమే అనిపిస్తుంది.

2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను అరెస్టు చేశారు. సుమారు 16.8 కోట్ల మంది వివరాలను అమ్ముతున్నారన్నది అభియోగం. ఆ జాబితాల్లో నీట్ విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్లూ ఉన్నాయని పోలీసులు చెప్పారు.

వర్సిటీ బాధ్యత ఏంటి?

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. సంస్థలు పాటించాల్సిన ప్రధాన నిబంధనలకు 18 నెలల గడువు ఇచ్చారు. ఇక్కడి డిగ్రీ కాలేజీలు కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోనివి. మీ రికార్డులైనా, అధ్యాపకులు, సిబ్బంది రికార్డులైనా కాపాడటానికి సూత్రాలు ఒకటే:

* వివరాలు ఏ పనికి తీసుకుంటే ఆ పనికే వాడాలి.
* ఎవరి పనికి ఎంత అవసరమో అంతే కనిపించాలి. మార్కులు నమోదు చేసేవారికి మీ బ్యాంకు ఖాతాతో పనిలేదు.
* డేటా బయటికి పొక్కితే బాధితులకు, డేటా రక్షణ బోర్డుకు తెలియజేయాలి. తగిన భద్రత పాటించకపోతే రూ.250 కోట్ల వరకూ జరిమానా పడొచ్చు.
* తప్పులుంటే సరిచేయమని అడిగే హక్కు మీకుంటుంది.

మీరేం చేయాలి?

వర్సిటీ సర్వర్‌కు ఎన్ని తాళాలు వేసినా, మనమే తలుపు తీసి పెడితే లాభం లేదు.

* దరఖాస్తులో నెట్ సెంటర్ వాళ్ల నంబరు, ఈమెయిల్ ఇవ్వకండి. ఓటీపీలు, ఇంటర్వ్యూ కబుర్లు వాళ్లకే వెళ్తాయి.
* పని కాగానే లాగౌట్ అవ్వండి. అక్కడి కంప్యూటర్‌లో పెట్టిన ఫైళ్లు తీసేయండి. పాడైన జిరాక్సులూ వెంట తెచ్చుకోండి.
* క్లాసు వాట్సాప్ గ్రూపులో అందరి ఆధార్ నంబర్లతో జాబితా తయారు చేస్తుంటే వద్దనండి. మీ వివరాలు నేరుగా ఆఫీసులోనే ఇవ్వండి.
* వీలైనచోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.
* రెజ్యుమెలో ఆధార్, బ్యాంకు వివరాలు రాయకండి. ఉద్యోగం ఖాయమయ్యాక, అదీ సంస్థ నిజమైనదని తేల్చుకున్నాకే ఇవ్వండి.
* మోసపోయి డబ్బు పంపారా? సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈసారి ఎవరైనా ఫారం చేతికిచ్చి ఆధార్ అడిగితే, 'ఇది దేనికండీ?' అని అడగండి. సరైన జవాబు చెప్పాకే నింపండి.