ఏఆర్‌టీ పింఛను: "మందుల వల్లే ఎయిడ్స్" అనే మాట నమ్మి మానేస్తున్నారా?

ఎన్టీఆర్ భరోసా పథకం కింద, హెచ్‌ఐవీ ఉండి ఏఆర్‌టీ మందులు వాడుతున్నవారికి నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. 2024 జూలైలో 3,000 నుంచి ఈ మొత్తానికి పెంచారు. వయసు పరిమితి లేదు. కానీ ఆరు నెలలు వరసగా ఏఆర్‌టీ వాడి ఉండాలి. చిక్కంతా ఈ "వరసగా" అన్న మాట దగ్గరే వస్తోంది. డబ్బు సంగతి తర్వాత, మందు మానేస్తే ప్రాణానికే ముప్పు. అందుకే ఈసారి దరఖాస్తు సంగతి కాస్త పక్కన పెట్టి, మందులు మాన్పించే మాటల గురించి చెప్పుకుందాం.

గూడెం ఉల్లిపాయల మార్కెట్ దగ్గర టీ కొట్టులోనైనా, కొల్లేటి చేపల చెరువు గట్టు మీదైనా ఈ మాట మీరు వినే ఉంటారు: "ఫలానా అతను బాగానే ఉన్నాడండీ, ఆసుపత్రివాళ్లు మాత్రలు మొదలుపెట్టారు, నాలుగు నెలల్లో పోయాడు." ఇది పూర్తిగా కల్పించిన మాట కాదు, కళ్లతో చూసిందే. కారణమే తప్పుగా అర్థమైంది.

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో ఒంట్లో రక్షణ కణాల లెక్క, అంటే సీడీ4, 200 కంటే తగ్గాకే సాధారణంగా మందు మొదలుపెట్టేవారు. అంటే అప్పటికే టీబీ వంటి జబ్బులు పట్టి మనిషి చిక్కిపోయి ఉండేవాడు. మందు పనిచేసి కణాలు పెరగడానికి నెలలు పడుతుంది. ఈలోగా కొందరు పోయారు. చూసినవాళ్లకి మాత్రలు కనిపించాయి గానీ, అంతకుముందు ఎనిమిది, పదేళ్లుగా లోపల పనిచేస్తున్న వైరస్ కనిపించలేదు. పైగా ఆ రోజుల్లో వాడిన స్టావుడిన్ అనే మందుతో కొందరికి బుగ్గలు లోపలికి పోయేవి, అరికాళ్లు మండేవి. అదీ నిజమే. ఆ మందు ఇప్పుడు వాడడం లేదు. 2017 నుంచి సీడీ4 ఎంత ఉన్నా, పాజిటివ్ అని తేలగానే చికిత్స మొదలుపెడుతున్నారు. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకి ఒకటే మాత్ర.

"హెచ్‌ఐవీకీ ఎయిడ్స్‌కీ సంబంధం లేదు, కంపెనీల కుట్ర" అని వాట్సాప్‌లో వచ్చేది ఇంకో రకం. ఇది మన ఊళ్లో పుట్టింది కాదు. వైరస్‌ని 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో కనుక్కున్నారు, ఆ పనికి 2008లో నోబెల్ వచ్చింది. అయినా దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకీ ఎయిడ్స్‌కి కారణం ఈ వైరస్సేనా అని అనుమానించారు, ప్రభుత్వం మందులు ఇవ్వడం ఆలస్యం చేసింది. ఆరోగ్య మంత్రి వెల్లుల్లి, బీట్‌రూట్ తినమన్నారు. 2000 నుంచి 2005 వరకు ఆ ఆలస్యం వల్ల 3,30,000 మందికి పైగా చనిపోయారని హార్వర్డ్ పరిశోధకులు తర్వాత లెక్క కట్టారు. అంతమంది ప్రాణాలు తీసిన అనుమానమే ఇప్పుడు మన ఫోన్లలో కొత్త మాటలా తిరుగుతోంది.

వైరస్సే కారణమని మనకెలా తెలుసు? ఏఆర్‌టీ మాత్ర టీబీని చంపదు, బలం మందు కాదు. వైరస్ పెరగకుండా ఆపుతుంది, అంతే. అదొక్కటి ఆగితే చాలు, ఎయిడ్స్ రావడం ఆగుతోంది. గర్భిణి సరిగ్గా మందు వాడితే బిడ్డకి సోకే అవకాశం బాగా తగ్గిపోతోంది. రక్తంలో వైరస్ పరీక్షకి అందనంతగా తగ్గి, అలాగే నిలిస్తే లైంగికంగా భాగస్వామికి సోకదు.

దోమల సంగతీ చెప్పాలి. కొల్లేటి చుట్టుపక్కల దోమలకి కొదవ లేదు కదా. దోమ వల్లే వచ్చేదైతే, పదేళ్ల పిల్లలకీ డెబ్బయ్యేళ్ల మామ్మలకీ కూడా అదే స్థాయిలో రావాలి. అలా రావడం లేదు. దోమ ఒంట్లో ఈ వైరస్ బతకదు.

"పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" బోర్డులు ఇరవై ఏళ్ల కిందట ఊరూరా ఉండేవి. నా ఉద్దేశంలో ఆ ప్రశ్న గుర్తున్నంతగా జవాబు ఎవరికీ గుర్తులేదు. ఆ ఖాళీలోకే పసరు మందులవాళ్లు దూరారు. ఎయిడ్స్ నయం చేస్తామని మందు అమ్మడం చట్టవిరుద్ధం. ఔషధాల నిబంధనల్లో, "నయం చేస్తాం" అని చెప్పుకోకూడని జబ్బుల జాబితా, షెడ్యూల్ జె, ఎయిడ్స్‌తోనే మొదలవుతుంది.

ఇక పింఛను. మీ చికిత్స రికార్డు ఏఆర్‌టీ కేంద్రంలోనే ఉంటుంది కాబట్టి ముందు అక్కడి కౌన్సిలర్‌ని అడగండి. ఏలూరు ప్రభుత్వాసుపత్రిలో కేంద్రం ఉంది. మీకు దగ్గరలో ఇంకేదైనా ఉందా అన్నది 1097కి ఫోన్ చేస్తే చెబుతారు, ఫోన్ ఉచితం. మీ అనుమతి లేకుండా మీ సంగతి బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. ఈ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది.

చేపల లారీ మీద దూరం వెళ్లేవాళ్లు, పనికి వేరే ఊరు పోయేవాళ్లు బయల్దేరే ముందే కేంద్రంలో చెప్పండి. ఎక్కువ రోజుల మందు ఇవ్వడమో, అక్కడి కేంద్రానికి మార్చడమో చూస్తారు. మధ్యలో మానేసినవాళ్లు సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. పాత పుస్తకం పట్టుకుని వెళ్లండి, అది పోయినా సరే వెళ్లండి.